కొట్టుకి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? కమాండ్ ఇంజెక్షన్ సంగతి చూసుకుని ఎంచుకోండి

బరంపురం పెద్ద బజారులో, రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో కొట్లు నడిపే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "బాబూ, నెలనెలా డబ్బు కట్టే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ మంచిదా, ఉచితంగా దొరికేది మనమే పెట్టుకుంటే మంచిదా, లేకపోతే తెలిసిన కుర్రాడి చేత రాయించుకుందామా?" వాళ్లు చూసేది ధర, జీఎస్టీ లెక్కలు, బిల్లు ఒడియాలో కూడా వస్తుందా లేదా అన్నది. ఇవన్నీ చూడాల్సినవే. ఇచ్ఛాపురం నుంచి సరుకు తెచ్చుకున్నా అది వేరే రాష్ట్రం సరుకే, 50 వేలు దాటితే ఈ-వే బిల్లు కావాలి. ఆ పని చేయని సాఫ్ట్‌వేర్ మనకెందుకు?

కానీ నేను ముందు చూసేది ఇంకొకటి. బయటివాడెవడైనా మీ సాఫ్ట్‌వేర్‌లోని ఒక పెట్టెలో నాలుగు అక్షరాలు టైప్ చేసి, మీ సర్వర్ చేత తన పని చేయించుకోగలడా? కొట్ల కంప్యూటర్లు చూసే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి ఈ ఒక్క లోపం ఎంత నష్టం చేస్తుందో నాకు తెలుసు. అందుకే ఈ పోలిక మొత్తం ఆ వైపు నుంచే చేస్తున్నాను.

గోడౌన్ చీటీ

కొట్టు నుంచి గోడౌన్‌కి చీటీ రాసి పంపుతాం కదా, "మినపగుళ్లు 2 బస్తాలు ఇతనికి ఇవ్వు" అని. గోడౌన్ గుమస్తా కొత్తవాడు. చీటీలో ఏముంటే అది చేస్తాడు. చీటీ పట్టుకెళ్లే మనిషి దారిలో ఆగి, కింద ఖాళీలో "తాళంచెవి కూడా ఇతనికే ఇచ్చెయ్" అని ఒక ముక్క చేర్చాడనుకోండి. గుమస్తా చేతిరాత పోల్చి చూడడు, తాళంచెవి ఇచ్చేస్తాడు.

కమాండ్ ఇంజెక్షన్ ఇదే. వెబ్ సాఫ్ట్‌వేర్ ఏదో పని కోసం సర్వర్‌లోని లైనక్స్‌కో విండోస్‌కో ఒక ఆదేశం రాసి పంపుతుంది. ఆ ఆదేశంలో యూజర్ టైప్ చేసిన మాటను అలాగే అతికిస్తుంది. ఆదేశాల్ని చదివి నడిపే భాగాన్ని షెల్ అంటారు. యూజర్ ఇచ్చిన మాటలో సెమీకోలన్, నిలువు గీత, అండ్ గుర్తు లాంటివి కనిపిస్తే, లైనక్స్ షెల్ "ఇక్కడికి ఒక పని అయింది, తర్వాతి పని ఇది" అనుకుని ఆ తర్వాత ఉన్నది కూడా నడిపేస్తుంది. విండోస్‌లో గుర్తులు కొంచెం తేడా, సంగతి ఒకటే.

దీన్ని చాలామంది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌తో (డేటాబేస్‌కి వెళ్లే ఆదేశంలో ఇలాగే ముక్క చేర్చడం) కలిపేస్తారు. అందులో వాడి చేతికి ముందు చిక్కేది డేటాబేస్. ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమే చిక్కుతుంది. ఖాతాలు, బ్యాకప్ ఫైళ్లు, డేటాబేస్ పాస్‌వర్డ్ రాసి ఉన్న ఫైలు, అదే నెట్‌వర్క్‌లో ఉన్న మిగతా కంప్యూటర్లు, అన్నింటికీ అక్కడి నుంచి దారి దొరుకుతుంది. 2024 జులైలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, ఎఫ్‌బీఐ కలిసి సాఫ్ట్‌వేర్ తయారీదారులకు ఒక హెచ్చరిక ఇచ్చాయి. ఈ రకం లోపాన్ని డిజైన్ దశలోనే లేకుండా చేయొచ్చు, చేయండి అని. ఇవాంటీ, పాలో ఆల్టో, సిస్కో లాంటి పెద్ద కంపెనీల పరికరాల్లోనే అప్పటికి ఇవి బయటపడ్డాయి.

బిల్లింగ్‌లో షెల్‌కి ఏం పని?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకి నేను మన సరిహద్దు జిల్లాల ఉదాహరణే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ.

మన బిల్లుల మీద తెలుగు పేర్లుంటాయి, ఒడియా పేర్లుంటాయి. పీడీఎఫ్ తయారుచేసే మామూలు పీహెచ్‌పీ (వెబ్ సాఫ్ట్‌వేర్ రాసే భాష) లైబ్రరీల్లో, అంటే రెడీమేడ్ కోడ్‌లలో, చాలావాటికి మన లిపులు రావు. ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకి జరుగుతాయి, "కృష్ణ" అన్న పేరు ముక్కలై కనిపిస్తుంది. దాంతో రాసేవాళ్లు ఒక అడ్డదారి పడతారు. బ్రౌజర్‌లా పేజీని గీసి పీడీఎఫ్ చేసే ప్రోగ్రామ్ ఒకటి సర్వర్‌లో పెట్టి, దాన్ని షెల్ ద్వారా పిలుస్తారు. బిల్లు చక్కగా వస్తుంది. కానీ ఆ ఫైలుకి కస్టమర్ పేరే పెడతారు. ఆ పేరు ఎవరో టైప్ చేసిందేనాయె. చీటీలో ఖాళీ వదిలింది అక్కడే.

ఇంకో చిక్కు ఉంది. పీహెచ్‌పీలో యూజర్ మాటను కోట్‌లలో బిగించి షెల్‌కి ప్రమాదం లేకుండా ఇచ్చే ఫంక్షన్ ఉంది, దాని పేరు ఎస్కేప్‌షెల్‌ఆర్గ్. లైనక్స్ సర్వర్‌లో లొకేల్ (భాష) సెట్టింగ్ యూటీఎఫ్-8గా (అన్ని లిపులూ రాయగలిగే పద్ధతి) లేకపోతే అది తెలుగు, ఒడియా అక్షరాల్ని ఊడ్చేస్తుంది. ఫైలు పేరు ఖాళీగా వస్తుంది. కుర్రాడు గంటసేపు కొట్టుకుని, చివరికి ఆ ఫంక్షనే తీసేస్తాడు. పేర్లు వచ్చేస్తాయి, కొట్టాయన సంతోషిస్తాడు, తలుపు తెరుచుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాల్ని మాత్రమే ఒప్పుకునే వడపోత పెట్టినా గతి అంతే. మొదటి వారమే ఎవరో ఒకరు "మా పేరు ఎక్కట్లేదు" అంటారు, వడపోత పోతుంది. మందు చాలా చిన్నది: ఫైలుకి బిల్లు నంబరు పెట్టాలి, కస్టమర్ పేరు బిల్లు లోపల ఉండాలి. షెల్ దగ్గరికి పేరు వెళ్లాల్సిన అవసరమే లేదు.

పీడీఎఫ్ తర్వాత నేను అనుమానించే చోట్లు: "బ్యాకప్ తీయి" బటన్, సరుకు ఫొటో చిన్నది చేసే చోటు, జిప్ ఫైలు విప్పే చోటు, ప్రింటర్ పేరు అడిగే చోటు, ఈమెయిల్ పంపే చోటు. ఇవి ఊహలు కావు. 2016 మే నెలలో ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫొటో సాధనంలో, కావాలని తయారుచేసిన ఫొటో ఎక్కిస్తే సర్వర్‌లో ఆదేశాలు నడిచే లోపం బయటపడింది. అదే ఏడాది డిసెంబరులో ఈమెయిల్ పంపే పీహెచ్‌పీ మెయిలర్ అనే లైబ్రరీలో ఇంకొకటి బయటపడింది. పంపేవారి ఈమెయిల్ చిరునామా గడి ద్వారా మెయిల్ ప్రోగ్రామ్‌కి అదనపు ఆప్షన్లు అందించొచ్చని తేలింది. ఫొటో, ఈమెయిల్ లేని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏముంది చెప్పండి.

కుర్రాడి చేత రాయించుకున్నది

ముందు దీని గురించే చెబుతాను, మన దగ్గర ఎక్కువగా ఉన్నది ఇదే కాబట్టి. దీని మంచి నాకు తెలుసు. అడిగిన మార్పు సాయంత్రానికి అయిపోతుంది. పట్టుచీరల కొట్టుకి మగ్గం లెక్క కావాలంటే పెడతాడు, అప్పడాల వ్యాపారానికి కట్టల లెక్క కావాలంటే పెడతాడు. రాసిన కుర్రాళ్లు తెలివైనవాళ్లు, నేను వాళ్లని తప్పుబట్టను. వాళ్లకి పని అప్పగించిన మనం "పని చేస్తుందా" అని అడిగాం గానీ, "పేరు గడిలో పిచ్చి గుర్తులు పెడితే ఏమవుతుంది" అని అడగలేదు.

ఒక హోల్‌సేల్ కొట్టులో యజమానిని అడిగి, సాఫ్ట్‌వేర్ నకలు ఒకటి నా కంప్యూటర్‌లో పెట్టి చూశాను. బ్యాకప్ పేజీలో ఫైలు పేరు దగ్గర సెమీకోలన్ పెట్టి, "పది సెకన్లు ఆగు" అన్న ఆదేశం రాశాను. పేజీ సరిగ్గా పది సెకన్లు ఆగి వచ్చింది. సర్వర్ నా మాట వింటోందన్నమాట. అంతకన్నా టెన్షన్ పెట్టింది, ఆ పేజీకి లాగిన్ కూడా లేకపోవడం. అడ్రసు తెలిస్తే చాలు, ఎవరైనా రావచ్చు. రాసినవాడు అప్పటికే ఉద్యోగం దొరికి వేరే ఊరు వెళ్లిపోయాడు. (ఇలాంటి పరీక్ష యజమాని అనుమతి లేకుండా, పైగా నడుస్తున్న సర్వర్ మీద ఎప్పుడూ చేయకండి. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.)

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేసే మనిషి ప్రపంచంలో ఒక్కడే. అతను ఫోన్ ఎత్తకపోతే ప్యాచ్ లేదు.

అది నడిచే చోటు కూడా చూడాలి. కౌంటర్ కంప్యూటర్‌లో విండోస్ మీద క్సాంప్ (వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్ ఒకే మూటగా వచ్చేది) వేసి, రూటర్‌లో పోర్ట్ (బయటి నుంచి లోపలికి దారి) తెరిచి, ఇంటి నుంచి కూడా చూసుకునేలా పెట్టుకున్నవాళ్లున్నారు. అన్ని మార్గాల్లోకీ నేను గట్టిగా వద్దనేది దీన్నే. 2024 జూన్‌లో సీవీఈ-2024-4577 అన్న నంబరుతో ఒక లోపం బయటపడింది. విండోస్ మీద సీజీఐ (వెబ్ సర్వర్ బయటి ప్రోగ్రామ్‌ని పిలిచే ఒక పాత పద్ధతి) పద్ధతిలో నడిచే పీహెచ్‌పీలో అక్షరాల మార్పిడి తేడా వల్ల బయటివాడు పీహెచ్‌పీకి ఆప్షన్లు అందించగలిగాడు, దాంతో తన కోడ్ నడిపించగలిగాడు. క్సాంప్ మామూలు సెట్టింగ్‌లతోనే దీని కిందికి వచ్చింది. ఖాయంగా తేలింది చైనీస్, జపనీస్ భాషల విండోస్‌లో అయినా, మిగతా భాషల్లో రాదని హామీ ఎవరూ ఇవ్వలేదు. ప్యాచ్ వచ్చిన కొద్ది రోజుల్లోనే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ముఠాలు దీన్ని వాడుకున్నాయి. పైగా క్సాంప్‌లోని అపాచీ వెబ్ సర్వర్‌ని విండోస్ సర్వీస్‌గా పెడితే అది మామూలుగా సిస్టమ్ ఖాతా అధికారంతో నడుస్తుంది. వచ్చినవాడికి కంప్యూటర్ మొత్తం ఇచ్చినట్టే.

అదే సాఫ్ట్‌వేర్ మంచి షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలామందికి అద్దెకిచ్చే చోట) ఉంటే ప్రమాదం కొంత తగ్గుతుంది. చాలా హోస్టింగ్ కంపెనీలు పీహెచ్‌పీ నుంచి షెల్‌ని పిలిచే ఫంక్షన్లు ముందే ఆపేసి పెడతాయి. ఎగ్జిక్, సిస్టమ్, షెల్-ఎగ్జిక్, పాస్‌త్రూ, పీఓపెన్, ప్రాక్-ఓపెన్ ఆపి ఉన్నాయో లేదో హోస్టింగ్ వాళ్లని అడగండి. ఆపేస్తే మీ పీడీఎఫ్ బిల్లు ఆగిపోయిందంటే, మీ సాఫ్ట్‌వేర్ షెల్‌ని వాడుతోందని మీకు ఖర్చు లేకుండా తెలిసినట్టే.

ఉచితంగా దొరికేవి మనమే పెట్టుకోవడం

ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ, డోలిబార్, అపాచీ ఓఎఫ్‌బిజ్ లాంటివి ఈ కోవలోవి. ఈఆర్‌పీనెక్స్ట్ మన ముంబయివాళ్లదే. వీటి కోడ్ అందరూ చూస్తారు, లోపం దొరికితే సరిచేసిన వెర్షన్ వస్తుంది, దానికో నంబరు ఉంటుంది. ఊళ్లో రాయించుకున్నదానికి ఈ సౌకర్యం లేదు.

అయితే లోపం దొరికిన సంగతి దొంగలకీ అదే రోజు తెలుస్తుంది. ఓఎఫ్‌బిజ్‌నే చూడండి. 2023 డిసెంబరులో లాగిన్ లేకుండానే లోపలికి వచ్చి కోడ్ నడిపించగలిగే లోపం బయటపడింది, 18.12.11లో సరిచేశారు. 2024 ఆగస్టులో మళ్లీ అలాంటిదే, ఈసారి 18.12.15లో సరిచేశారు. ఏడాది తిరక్కుండా రెండుసార్లు. ఆ వారం మీ సర్వర్‌లో అప్‌డేట్ వేయడానికి మనిషి ఉన్నాడా? పెళ్లిళ్ల సీజన్, ఠాకురాణి జాతర, రథయాత్ర అని మనం కొట్టు చూసుకుంటూ ఉంటాం. సర్వర్ వైపు చూసే తీరిక ఎవరికి?

డోలిబార్‌లో దొరికిన లోపం మన కుర్రాళ్లకి కూడా పాఠం కాబట్టి చెబుతున్నాను. యూజర్లు పేజీలో పీహెచ్‌పీ కోడ్ పెట్టకుండా ఒక తనిఖీ ఉండేది. పీహెచ్‌పీ అన్న మూడక్షరాల్ని ఇంగ్లీషు చిన్న బడి అక్షరాల్లో (php) రాస్తే పట్టుకునేది, పెద్ద బడి అక్షరాల్లో (PHP) రాస్తే వదిలేసేది. 17.0.1 ముందు వెర్షన్లలో లాగిన్ ఉన్న యూజర్ దాన్ని వాడుకుని సర్వర్‌లో కోడ్ నడిపించగలిగేవాడు. ఇది షెల్ ఆదేశం కన్నా కోడ్ ఇంజెక్షన్ కిందికి వస్తుంది, కానీ బుద్ధి ఒకటే. చెడ్డ మాటల జాబితా రాసి వాటిని ఆపుదామనుకుంటే, ఆ జాబితాలో లేని మాట ఎప్పుడూ ఒకటి మిగులుతుంది. "లాగిన్ ఉన్న యూజర్" అన్న మాట కూడా గమనించండి. మానేసి వెళ్లిన గుమస్తా లాగిన్ మీ దగ్గర ఇంకా తెరిచే ఉందేమో చూసుకోండి.

ఈ మార్గం ఎవరికంటే, నెలకి ఒక రోజు సర్వర్ మీద కూర్చునే మనిషికి జీతమో కాంట్రాక్టో ఇచ్చేవాళ్లకి. రెండు మూడు బ్రాంచీలున్న హోల్‌సేల్ వాళ్లకి, కాలేజీలకి, ఆసుపత్రులకి ఇది సరిపోతుంది. అలాంటి మనిషి లేకపోతే ఉచితం అన్న మాటకి ఆశపడొద్దు.

నెలచందా ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్

సర్వర్ కంపెనీది, ప్యాచ్ కూడా కంపెనీయే వేస్తుంది. కమాండ్ ఇంజెక్షన్ వైపు నుంచి చూస్తే చిన్న కొట్లకి నేను చెప్పేది ఇదే. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో లోపాలుండవని కాదు. అర్ధరాత్రి ప్యాచ్ వస్తే లేచి వేసే ఉద్యోగి వాళ్లకి ఉంటాడు, మనకి ఉండడు.

దీనికీ ఇబ్బందులున్నాయి. ఒక్క సర్వర్‌లో వందల కొట్ల లెక్కలుంటే, ఒకరి గడి నుంచి లోపలికి వచ్చినవాడు అందరి లెక్కలూ చూడగలడు. కంపెనీని అడగాల్సింది ఇదే: ఒక్కో కస్టమర్ డేటా ఎలా వేరు చేశారు? ఏడాదికోసారి బయటివాళ్ల చేత భద్రతా పరీక్ష చేయిస్తారా, సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) జాబితాలోని ఆడిటర్లేనా? గట్టి కంపెనీ ఈ ప్రశ్నకి ఒక కాగితం చూపిస్తుంది. "మాది చాలా సెక్యూర్ సార్" అని ఆపేసిన కంపెనీని నేను పక్కన పెడతాను.

రెండోది ఇంటర్నెట్. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ముంచినప్పుడు, ఇక్కడ కరెంటే లేదు, నెట్ సంగతి చెప్పేదేముంది. రాయగడ కొండల వైపు మామూలు రోజుల్లోనే సిగ్నల్ పోతుంటుంది. నెట్ లేనప్పుడు బిల్లు వేసి తర్వాత పైకి పంపే సౌకర్యం ఉన్నది చూసుకోండి. ఆ ఒక్క కారణంతో కౌంటర్‌లో సొంత సర్వర్ పెట్టి దాన్ని ఇంటర్నెట్‌కి తెరిచారంటే మళ్లీ మొదటికే వస్తారు.

వెబ్ లేనిది, ఒక్క కంప్యూటర్‌లో ఉండేది

కౌంటర్ ఒక్కటే, బ్రాంచీలు లేవు, ఇంటి నుంచి చూడాల్సిన పని లేదు. అలాంటప్పుడు మామూలు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ చాలు. బయటివాడు టైప్ చేసే గడే లేదు కాబట్టి ఈ లోపం గురించి దిగులు చాలావరకు తగ్గుతుంది. బ్యాకప్ మాత్రం పెన్‌డ్రైవ్‌లో తీసి విడిగా పెట్టండి. నెట్‌వర్క్ నిల్వ పెట్టె (నాస్) కొనేవాళ్లు పాతది మాత్రం కొనొద్దు. డీ-లింక్ పాత నాస్ పెట్టెల్లో 2024 నవంబరులో బయటపడ్డ లోపం అచ్చంగా కమాండ్ ఇంజెక్షనే, అదీ కొత్త యూజర్ పేరు రాసే గడిలో. ఆ మోడళ్ల కాలం చెల్లిందని కంపెనీ ప్యాచ్ ఇవ్వలేదు.

రాయించుకున్నదాన్ని వదల్లేకపోతే

మగ్గాల లెక్క, పాత బాకీలు, పదేళ్ల అలవాటు. నాకు అర్థమవుతుంది. అప్పుడు బాగుచేయించండి, కానీ ఎలా బాగుచేస్తున్నారో అడగండి. మూడు పద్ధతులు వింటారు.

సెమీకోలన్‌ని ఆపేస్తాం అంటే ఒప్పుకోవద్దు. డోలిబార్ కథ పైన చెప్పాను. సాఫ్ట్‌వేర్‌కి ముందువైపు ఫైర్‌వాల్ (చెడ్డ మాటల్ని ఆపే కాపలా) పెడతాం అంటే పెట్టనివ్వండి, నాలుగు రోజులు ఊపిరి తీసుకోవడానికి పనికొస్తుంది, అసలు మందు అది కాదు. షెల్‌ని పిలవడమే మానేస్తాం, ఆ పని లైబ్రరీతో చేస్తాం అంటే ఆ మనిషికి పని ఇవ్వండి. మన లిపుల ఒత్తులు సరిగ్గా వచ్చే పీడీఎఫ్ లైబ్రరీలు ఉన్నాయి, ఎంపీడీఎఫ్ అలాంటిదే. జిప్‌కీ, మెయిల్‌కీ కూడా లైబ్రరీలున్నాయి.

బయటి ప్రోగ్రామ్‌ని పిలవక తప్పని చోట, ఆదేశాన్ని ఒకే పొడుగు వాక్యంగా అతికించకుండా, ప్రోగ్రామ్ పేరు వేరుగా, ఇవ్వాల్సిన మాటలు ఒక్కొక్కటీ వేరుగా జాబితాలా ఇవ్వాలి. అప్పుడు మధ్యలో షెల్ ఉండదు, సెమీకోలన్ కూడా మామూలు అక్షరమే అవుతుంది. పైథాన్‌లో సబ్‌ప్రాసెస్‌కి జాబితా ఇచ్చి, షెల్ అన్న ఆప్షన్ జోలికి పోకూడదు. నోడ్‌లో ఎగ్జిక్ బదులు ఎగ్జిక్‌ఫైల్ వాడాలి. పీహెచ్‌పీ 7.4 నుంచి ప్రాక్-ఓపెన్‌కి కూడా అలా జాబితా ఇవ్వొచ్చు. దీని తర్వాత కూడా ఒక కన్నం మిగులుతుంది. ఇచ్చిన మాట అడ్డగీతతో మొదలైతే ఆ ప్రోగ్రామ్ దాన్ని ఆప్షన్ అనుకోవచ్చు. పీహెచ్‌పీ మెయిలర్‌లోనూ పనిచేసింది ఇలా చొరబడిన ఆప్షనే. అందుకే ఫైలు పేర్లు, నంబర్లు మన ప్రోగ్రామే తయారుచేయాలి, యూజర్ దగ్గర తీసుకోకూడదు.

ఈ పని జరిగేదాకా సాఫ్ట్‌వేర్‌ని బయటి ఇంటర్నెట్ నుంచి తీసేసి, వీపీఎన్ (మీవాళ్లకి మాత్రమే తెరుచుకునే దారి) ద్వారా మాత్రమే తెరుచుకునేలా పెట్టించండి. వెబ్ సర్వర్‌కి విడిగా, అధికారాలు తక్కువున్న ఖాతా ఇప్పించండి. బ్యాకప్ ఫైళ్లు ఆ ఖాతా చేతికి అందని చోట ఉండాలి.

చొరబాటు జరిగినట్టు అనుమానం వస్తే సర్వర్‌ని చెరిపేయకుండా నెట్ తీసేయండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి ఘటన గమనించిన 6 గంటల్లోగా దానికి తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. సాఫ్ట్‌వేర్ ఎవరిదైనా సరే, లాగ్‌లు ఎక్కడున్నాయో కొనేరోజే అడిగి రాసిపెట్టుకోండి.

ఇంకొకటి. కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారాక "ఎందుకైనా ఉంటుందిలే" అని పాతదాన్ని అలాగే నడవనిస్తారు. ఆ అడ్రసు తెరిచే ఉంటుంది, ఆ బ్యాకప్ పేజీ తెరిచే ఉంటుంది, ఇక ఎవరూ ప్యాచ్ కూడా వేయరు. డేటా నకలు తీసుకుని, పాత అడ్రసు మూయించి, బయటి ఫోన్ నుంచి ఆ అడ్రసు కొట్టి తెరుచుకోవట్లేదని మీ కళ్లతో చూసుకున్నాకే ఆ కుర్రాడికి చివరి బిల్లు కట్టండి.